నార్త్ చానెల్‌లో లంగరు వేసి రాత్రి గడపాలంటే: ముందు ఏ గాలికి చాటో చూడండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మిస్సిసాగాలో ఉంటారు. 30 అడుగుల పాత తెరచాప పడవ కొన్నారు, లోపల నలుగురు పడుకోవచ్చు. జులైలో ఒక వారం భార్య, పదేళ్ల అమ్మాయి, ఇండియా నుంచి వచ్చిన నాన్నగారితో కలిసి కెనడాలో హ్యూరన్ సరస్సు ఉత్తర భాగంలో ఉన్న నార్త్ చానెల్‌లో తిరగాలని, రాత్రిళ్లు మెరీనాలో (పడవలు కట్టే రేవులో) కాకుండా అఖాతాల్లో లంగరు వేసి ఉండాలని అనుకుంటున్నారు. మూడు ప్రశ్నలు వేశారు: అన్నిటికంటే భద్రమైన అఖాతం ఏది, ఎన్ని మీటర్ల గొలుసు వదలాలి, రాత్రి అందరూ ఒకేసారి నిద్రపోవచ్చా.

నేను సడ్‌బరీలో ఉంటాను. ఆ నీళ్లలో నాకు ఇది పంతొమ్మిదో వేసవి. అఖాతం అనగానే మనకు బంగాళాఖాతం మనసులో మెదులుతుంది. ఇక్కడ మాట్లాడుకునేవి మన ఊరి చెరువంత ఉండేవి. కొన్ని అంతకంటే చిన్నవి. చుట్టూ తెల్లటి రాతి కొండలో, గులాబీ రంగు గ్రానైట్ దీవులో ఉంటాయి. సాయంత్రం గాలి పడిపోయాక నీళ్లు అద్దంలా నిలుస్తాయి. ఆ నిశ్చలత చూసి మోసపోకూడదు. నేను చెప్పదలచుకున్నదంతా దీని గురించే.

మొదటి ప్రశ్నకు జవాబు: అన్ని వేళలా భద్రమైన అఖాతం అంటూ ఒకటి లేదు. ప్రతి అఖాతానికీ ఒక నోరు ఉంటుంది. నోరు పడమరకు ఉంటే తూర్పు గాలికి అది చాటు, పడమటి గాలికి కాదు. అందుకే ఎవరైనా ఫలానాది మంచి చోటు అని చెప్పినప్పుడు, ఏ గాలికి అని అడగండి. సాయంత్రం నాలుగింటికి మీరు చేరినప్పుడు వీచే గాలిని బట్టి చోటు ఎంచుకుంటే చాలదు. రాత్రి మూడింటికి ఏ గాలి వీస్తుందో దాన్ని బట్టి ఎంచుకోవాలి. కొత్తవాళ్లు చేసే తప్పుల్లో పెద్దది ఇదే. నేనూ చేశాను, అది తర్వాత చెబుతాను.

ఆ ప్రాంతంలో వేసవి గాలుల నడక చాలావరకు ఇలా ఉంటుంది. వాతావరణం బాగున్న రోజుల్లో నైరుతి నుంచి వెచ్చటి గాలి వీస్తుంది, చీకటి పడేసరికి తగ్గుతుంది. రెండు మూడు రోజులకో, వారానికో ఒకసారి వాయవ్యం వైపు నుంచి చల్లటి గాలి ముందుకు తోసుకొస్తుంది. ఆ చల్లగాలి సరిహద్దు దగ్గరపడే ముందు నైరుతి గాలి ఊపందుకుంటుంది, ఉక్కగా ఉంటుంది, పడమట మబ్బు గోడలా లేస్తుంది. సరిహద్దు దాటిన నిమిషాల్లోనే గాలి వాయవ్యానికి తిరిగి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అంటే సాయంత్రం మీకు చాటు ఇచ్చిన గట్టు అర్ధరాత్రి మీ వెనక్కు వస్తుంది. మీ పడవ గిర్రున తిరిగి, ఏ రాళ్లకు దూరంగా ఉండాలని లంగరు వేశారో వాటి వైపే వెనుక భాగం పెట్టి నిలుస్తుంది.

కాబట్టి ఉదయం ఒకసారి, సాయంత్రం లంగరు వేసే ముందు ఒకసారి ఎన్విరాన్‌మెంట్ కెనడా నౌకా వాతావరణ సూచన తప్పకుండా వినండి. వీహెచ్ఎఫ్ రేడియోలో (పడవల్లో మాట్లాడుకోవడానికి వాడే రేడియో) వాతావరణానికే కేటాయించిన చానెళ్లలో అది రోజంతా వస్తూనే ఉంటుంది. అందులో గాలి వేగం నాట్స్‌లో చెబుతారు. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. 20 నుంచి 33 నాట్స్ వరకు వీచే అవకాశం ఉంటే బలమైన గాలుల హెచ్చరిక, 34 దాటితే గేల్ (పెనుగాలి) హెచ్చరిక ఇస్తారు. అంకెలు ఒక్కటే విని ఊరుకోకండి. గాలి ఏ వేళకు ఏ దిక్కుకు తిరుగుతుందన్నారో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని పటం పక్కన పెట్టి, అఖాతం నోటికి ఎదురుగా బయట ఎంత దూరం ఖాళీ నీరు ఉందో చూడండి. గాలి ఖాళీ నీటి మీద ఎంత దూరం పరుగెత్తితే అల అంత పెరుగుతుంది. నార్త్ చానెల్ తూర్పు పడమరలుగా పొడుగ్గా సాగుతుంది గనుక పడమటి గాలికి ఆ పరుగు చాలా ఎక్కువ. పడమరకు నోరున్న చోట్ల మీద నాకు అందుకే ఎప్పుడూ అనుమానమే.

కొన్ని చోట్లు పేరుపెట్టి చెబుతాను. కిల్లార్నీ ఊరికి దగ్గరలో, ఆ ఊరి పేరే ఉన్న అఖాతానికి పడమటి వైపున కవర్డ్ పోర్టేజ్ కోవ్ ఉంది. దాదాపు నాలుగు వైపులా ఎత్తైన కొండలు, అడుగున బురద. కొత్తవాళ్లకు లంగరు మీద గడిపే మొదటి రాత్రికి నేను ధైర్యంగా చెప్పే చోటు అది. ఇబ్బంది ఏమిటంటే చిన్నది, అందరికీ తెలిసినది. జులై శనివారాల్లో మధ్యాహ్నానికే నిండిపోతుంది. పైగా ఎత్తైన కొండల మధ్య గాలి ఒకే దిక్కు నుంచి రాదు. కొండ మీద నుంచి కిందికి దూకి పడవలను అటూ ఇటూ తిప్పుతుంది. ఒకే వరసలో నిలిచిన పడవలు కాసేపటికి ఎదురెదురుగా చూసుకుంటూ ఉంటాయి. అందుకని పక్క పడవకు దూరం కాస్త ఎక్కువే వదలండి.

తర్వాతది బే ఫిన్. రాసేటప్పుడు ఫ్రెంచి అక్షరాల వల్ల చివర ఒక అక్షరం ఎక్కువ కనిపిస్తుంది, కానీ అక్కడివాళ్లు పలికేది ఇలాగే. లా క్లోష్ తెల్ల కొండల మధ్య సన్నగా పొడుగ్గా చొచ్చుకుపోయిన నీటి పాయ ఇది. దాని నోరు పడమరకే. బయట పడమటి గాలి గట్టిగా ఉంటే పాయలోకి ఊదుగొట్టంలోకి ఊదినట్టు వస్తుంది. చిట్టచివర మలుపు తిరిగాక పూల్ అనే కొలను ఉంది. అక్కడ అలలు రావు. కాలినడకన కొండెక్కితే టోపాజ్ సరస్సు కనిపిస్తుంది, మీ అమ్మాయి ఆ నీలపు రంగు చాలా కాలం మరిచిపోదు. అయితే పూల్ అడుగున నీటి గడ్డి దట్టంగా ఉంటుంది. అలలు లేని చోట కూడా లంగరు పట్టకపోవచ్చు అనడానికి అదే సాక్ష్యం. గాలికి చాటు ఉండటం వేరు, అడుగున పట్టు ఉండటం వేరు. రెండూ చూసుకోవాలి.

ఇంకా పడమరగా వెళితే బెంజమిన్ దీవులు. గులాబీ గ్రానైట్ రాతి పలకలు నీళ్లలోకి ఏనుగు వీపుల్లా దిగి ఉంటాయి. అందరూ ఫొటోలు తీసుకునే చోటు అదే. అక్కడ నీటి కింద కూడా రాళ్లే, కొన్ని పైకి కనిపించవు. మీ మొదటి వారంలో వెళ్లాలనుకుంటే ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, ఒకరు ముందు భాగంలో నిలబడి నీళ్లలోకి చూస్తూ ఉండగా, నడిచే వేగంతో వెళ్లండి. సూర్యుడు ఎదురుగా ఉంటే నీటి కింద రాయి కనిపించదు. అటు పోవాలంటే లిటిల్ కరెంట్ దగ్గర తిరిగే వంతెన దాటాలి. 1913లో రైలు కోసం కట్టినది అది. వేసవిలో పగటివేళ ప్రతి గంటకూ ఒకసారి, 15 నిమిషాల పాటు తెరుస్తారు. కిల్లార్నీ నుంచి అక్కడికి సుమారు 20 నాటికల్ మైళ్లు, మీ పడవకు నాలుగైదు గంటలు. వంతెన కింద నీటి ఉరవడి గట్టిగా ఉంటుంది, గాలిని బట్టి దాని దిశ కూడా మారుతుంది. ముందే వెళ్లి ఇరుకులో ఎదురుచూడకుండా, కాస్త దూరంలో ఆగి సమయానికి చేరుకోండి.

ఇక్కడ ఇండియాలో పడవ నడిపినవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. రేవులోకి వచ్చేటప్పుడు మన దేశంలో ఎర్ర బోయాను (దారి చూపడానికి నీటి మీద తేలే గుర్తు) ఎడమ చేతి వైపు ఉంచుకుంటారు. కెనడాలో, అమెరికాలో దీనికి సరిగ్గా తిరగబడుతుంది: ఎరుపు కుడి చేతి వైపు. కాకినాడలోనో విశాఖలోనో నేర్చుకున్న అలవాటు ఇక్కడ పడవను రాళ్ల మీదికి తీసుకెళ్తుంది. నార్త్ చానెల్‌లో ఏ దిక్కును లోపలికి రావడంగా లెక్కవేశారో పటంలో ముందే చూసి గుర్తుపెట్టుకోండి.

పటం గురించి ఇంకొక్క మాట. హ్యూరన్ సరస్సు పటాల్లో లోతులు సముద్ర మట్టానికి 176 మీటర్ల ఎత్తున ఉన్న ఒక ప్రమాణ మట్టం నుంచి లెక్కించినవి. సరస్సు నీరు అక్కడే నిలిచి ఉండదు. 1986 అక్టోబరులో నెలసరి సగటు మట్టం 177.5 మీటర్లకు చేరింది. 2013 జనవరిలో 175.57కు పడిపోయింది. అంటే దాదాపు రెండు మీటర్ల తేడా. 2013లో పటం మూడు మీటర్లు అని చూపిన చోట నిజంగా ఉన్నది రెండున్నర మీటర్ల చిల్లర. మీరు వెళ్లే నెలలో మట్టం ప్రమాణానికి పైన ఎంత, కింద ఎంత అని చూసుకుని బయలుదేరండి. పటం మీటర్లలో ఉందో, అడుగుల్లో ఉందో, ఫాదంలలో ఉందో కూడా చూడండి. ఫాదం అంటే మన బారే: రెండు చేతులూ చాచిన పొడవు, ఆరడుగులు.

ఇక రెండో ప్రశ్న, గొలుసు. పూర్తిగా గొలుసే అయితే లోతుకు ఐదు రెట్లు, కొంత గొలుసు కొంత తాడు అయితే ఏడు రెట్లు అని అందరూ చెబుతారు. మాట సరైనదే. లోతు అంటే ఏమిటో తెలియకపోతే మాత్రం ఆ లెక్క ప్రాణం మీదికి తెస్తుంది. మీ పడవలో లోతు చూపే పరికరం 3.5 మీటర్లు అని చూపిస్తోందనుకోండి. చాలా పడవల్లో దాన్ని కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే భాగం) కింద మిగిలిన నీటిని చూపేలా అమర్చుతారు. మీ కీల్ నీటిలోకి 1.5 మీటర్లు దిగుతుందనుకుంటే అసలు లోతు 5 మీటర్లు. లంగరు గొలుసు మొదలయ్యేది నీటి మట్టం దగ్గర కాదు, పడవ ముందు కొన దగ్గర. అది నీటికి ఇంకో 1.2 మీటర్లు పైన ఉంటుంది. మొత్తం 6.2 మీటర్లు. ఐదు రెట్లంటే 31 మీటర్ల గొలుసు. తాడు కలిసి ఉంటే ఏడు రెట్లకు 43 మీటర్లు పైనే. తెరమీద కనిపించిన 3.5ను ఐదుతో హెచ్చవేసినవాడు 17.5 మీటర్లు వదిలి నిశ్చింతగా పడుకుంటాడు. అతనికి దక్కింది మూడు రెట్లు కూడా కాదు.

ఎందుకు ఇన్ని రెట్లు? లంగరు తన బరువుతో పడవను ఆపదు. దాని కొన నేలలోకి దిగి, అడ్డంగా లాగినకొద్దీ ఇంకా లోతుకు పాతుకుంటుంది. గొలుసు పొట్టిగా ఉంటే లాగుడు పైకి వస్తుంది, నాగలిని మేడి పట్టి ఎత్తినట్టు లంగరు లేచి వస్తుంది. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద పడే ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. 15 నాట్స్‌లో కదలని లంగరు 30 నాట్స్‌లో ఆగుతుందని ఊహించుకోవద్దు. గట్టి గాలి సూచన ఉంటే, చోటుంటే, ఎనిమిది పది రెట్లు వదలండి. గొలుసు పెట్టెలో ఉండి చేసే మేలు ఏమీ లేదు.

లంగరు వేసే తీరు వివరంగా చెబుతాను, ఎందుకంటే రాత్రి నిద్ర మొత్తం ఈ పావుగంట మీద ఆధారపడి ఉంటుంది. ముందు తెరచాపలు దించి, ఇంజిన్ మీద మీరు ఆగదలచిన చోటు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. 31 మీటర్ల గొలుసు, 9 మీటర్ల పడవ కలిస్తే మీరు 40 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతారు. ఆ వలయమంతా లోతు ఎంతుందో, ఎక్కడైనా రాయి ఉందో చూడటానికే ఈ చుట్టు. తర్వాత గాలికి ఎదురుగా వచ్చి పడవను పూర్తిగా ఆపండి. గాలికి పడవ వెనక్కు కదలడం మొదలుపెట్టగానే లంగరును దించండి. విసరకండి, విసిరితే గొలుసు లంగరు మీదే కుప్పపడి చిక్కుకుంటుంది. పడవ వెనక్కు జరుగుతుంటే గొలుసు నేల మీద గీత గీసినట్టు పరుచుకోవాలి. లోతుకు మూడు రెట్లు పోయాక కాస్త బిగపట్టి లంగరు కొనను నేలలో గుచ్చుకోనివ్వండి. తర్వాత మిగతా పొడవంతా వదలండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్‌ను వెనక్కు నడిపించండి, మొదట మెల్లగా, తర్వాత క్రమంగా పెంచుతూ. ఒడ్డున ఒకదాని వెనుక ఒకటిగా ఒకే వరసలో కనిపించే రెండు గుర్తులు ఎంచుకోండి, ఒక పైన్ చెట్టు, దాని వెనుక కొండ మీది చీలిక లాంటివి. ఇంజిన్ గట్టిగా లాగుతున్నా ఒక నిమిషం పాటు ఆ రెండూ ఒకదాన్నుంచి ఒకటి జరగకపోతే లంగరు పట్టినట్టు. ముందు భాగంలో ఉన్నవాళ్లు గొలుసు మీద కాలు ఆనించి చూడాలి. బిగిసి నిశ్చలంగా ఉంటే మంచిది. గరగరమని వణుకుతుంటే లంగరు రాళ్ల మీద దొర్లుతోందని అర్థం. బరువుగా మెత్తగా జారుతుంటే గడ్డిలో ఉంది. పట్టకపోతే ఎత్తి, కొనకు చుట్టుకున్న గడ్డి పీకేసి, ఇంకోచోట మళ్లీ వేయండి. మూడుసార్లు వేయవలసి వస్తే మూడుసార్లూ వేయండి. చుట్టుపక్కల పడవలవాళ్లు చూస్తున్నారని సిగ్గుపడకండి. మళ్లీ వేసేవాళ్లను చూస్తే పక్కనున్నవాళ్లకూ ధైర్యంగానే ఉంటుంది.

పటంలో అడుగు ఎలాంటిదో అక్షరాలతో సూచిస్తారు: ఎం అంటే బురద, ఎస్ అంటే ఇసుక, ఆర్ అంటే రాయి. బురద, ఇసుక వెతకండి. లంగరు తయారుచేసినవారి పట్టికలో 30 అడుగుల పడవకు సూచించినదానికంటే ఒక సైజు పెద్దది కొనండి. ఈ పడవ మీద మీరు పెట్టే ఖర్చుల్లో దానికంటే విలువైనది లేదు. గొలుసుకు ఒక ఆరేడు మీటర్ల నైలాన్ తాడు కట్టి భారాన్ని దాని మీదికి మార్చండి. నైలాన్ సాగుతుంది గనుక కుదుపు తగ్గుతుంది, రాత్రి గొలుసు చప్పుడు నాన్నగారి నిద్ర చెడగొట్టదు.

ఇరుకు చోట పడవ తిరగడానికి వీల్లేకపోతే ముందు లంగరు వేసి, వెనుక నుంచి ఒడ్డుకు పొడుగాటి తాడు కడతారు. దానికి 60 మీటర్ల తాడైనా కావాలి. చెట్టుకు కట్టేటప్పుడు బెరడు ఒరుసుకోకుండా వెడల్పాటి పట్టీ చుట్టండి. ఆ రాళ్ల మీద అంత చెట్టు ఎదగడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అయితే అలా కట్టిన పడవ గాలితో పాటు తిరగలేదు. పక్కనుంచి గాలి కొడితే లంగరు మీద భారం విపరీతంగా పెరుగుతుంది. మీ మొదటి వారంలో ఈ పద్ధతి జోలికి పోవద్దని నా సలహా.

పనిలో భార్యాభర్తల మధ్య మాట కూడా ముఖ్యమే. ఒకరు ముందు, ఒకరు చుక్కాని దగ్గర. మధ్యలో ఇంజిన్ మోత. కేకలు వినిపించవు, వినిపించినా కోపంలా వినిపిస్తాయి. ముందుకు, వెనక్కు, ఆపు, గొలుసు నిండా పోయింది అనే నాలుగింటికి చేతి సైగలు ఇంట్లోనే అనుకోండి. గొలుసు నడుస్తున్నప్పుడు అమ్మాయిని ముందు భాగానికి రానివ్వకండి. వేళ్లు పోవడానికి క్షణం చాలు.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను. నాలుగో వేసవిలో, ఆగస్టు చివర, ఒక మిత్రుడి కుటుంబంతో వెళ్లాను. అద్దెకు తీసుకున్న పడవ. గొలుసు 50 మీటర్లు ఉందని రాసిన కాగితం ఇచ్చారు, నేను తీసి కొలవలేదు. సాయంత్రం నైరుతి గాలికి చక్కటి చాటు ఉన్న చోట, నలుగురు పడవలవాళ్ల మధ్య లంగరు వేశాను. వెనక్కు లాగి చూడటం అరకొరగా చేశాను, ఎందుకంటే పొయ్యి మీద అన్నం ఉంది, పిల్లలు ఆకలితో ఉన్నారు. రేడియోలో అర్ధరాత్రి తర్వాత గాలి వాయవ్యానికి మారుతుందని విన్నాను. విని కూడా పటం వైపు చూడలేదు. రెండు దాటాక ఒక్క కుదుపుతో లేచాను. బయటకు వచ్చేసరికి మా పడవ అడ్డం తిరిగి ఒడ్డు వైపు జారుతోంది. ఇంకా గొలుసు వదులుదామని చూస్తే అది 30 మీటర్ల దగ్గరే అయిపోయింది. ఇంజిన్ పెట్టి గాలికి ఎదురుగా నిలబెట్టాను. పక్క పడవలోని ఒక పెద్దాయన లేచి, తన పెద్ద దీపం మా వెనుకనున్న రాళ్ల మీదికి వేసి పట్టుకున్నారు. తెల్లవారేదాకా ఆ వెలుగు చూసుకుంటూ ఇంజిన్ మీదే నిలబడ్డాను. పడవకు ఏమీ కాలేదు. కింద పిల్లలు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, తల్లి ఒడిలో మాట్లాడకుండా కూర్చున్న దృశ్యం మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు. అప్పటి నుంచి గొలుసు నేనే రేవు మీద పరిచి కొలుస్తాను, ప్రతి ఐదు మీటర్లకూ రంగు వేస్తాను. వెనక్కు లాగి చూడనిదే పొయ్యి వెలిగించను.

మూడో ప్రశ్నకు జవాబు అందులోనే కొంత ఉంది. లంగరు పరీక్షించి, సూచన 15 నాట్స్ లోపు ఉండి, గాలి మారినా వెనుక ఖాళీ నీరు ఉంటే అందరూ పడుకోవచ్చు. ఫోనులో గానీ పటం తెరలో గానీ లంగరు అలారం పెట్టండి; లంగరు చోటు నుంచి పడవ మరీ దూరం జరిగితే అది మోగుతుంది. దాని కేంద్రం లంగరు దిగిన క్షణంలో నొక్కాలి. పడవ వెనక్కు జరిగి నిలిచాక నొక్కితే గాలి మారినప్పుడల్లా ఉత్తుత్తిగా మోగుతుంది, విసిగి ఆపేస్తారు. 20 నాట్స్ పైన సూచన ఉంటే మీరూ మీ భార్యా వంతులు వేసుకుని మేలుకోండి. వేసవి రాత్రి అక్కడ పొట్టిది, తొమ్మిది దాటాక గానీ సూర్యుడు అస్తమించడు.

నిద్రకు ముందు నేను ప్రతిరోజూ చేసే పనులు కొన్ని ఉన్నాయి. అఖాతంలోకి వచ్చిన దారి పటం తెరలో గీతగా నమోదై ఉండాలి. చీకట్లో వెళ్లవలసి వస్తే అదే గీత మీద తిరిగి బయటకు పోతాను. ఏ పరిస్థితి వస్తే వెళ్లిపోవాలో, వెళ్తే ఎక్కడికో పగలే మాట్లాడుకుంటాం. రబ్బరు పడవను పైకి ఎత్తి కట్టేస్తాను. స్తంభం మీద అన్ని వైపులకూ కనిపించే తెల్ల దీపం వెలిగిస్తాను. ఇది చట్టం; తోటలో పెట్టుకునే సౌరదీపాల తోరణం దీనికి బదులు కాదు. ఇంజిన్ తాళం దాని స్థానంలో, చేతి దీపం మెట్ల పక్కన.

కెనడాలో ఇంజిన్ ఉన్న పడవ నడపడానికి ఆపరేటర్ కార్డు, వీహెచ్ఎఫ్ వాడటానికి విడిగా ధ్రువపత్రం అవసరం. చాలా అఖాతాల్లో ఫోను పనిచేయదు గనుక పటాలు ముందే దింపుకోండి. ఆపదలో వీహెచ్ఎఫ్ 16వ చానెలే దిక్కు. ఒంటారియోలో మరుగుదొడ్డి నీరు సరస్సులోకి వదలడం నేరం. తొట్టిలో నింపుకుని మెరీనాలో తోడించుకోవాలి. గిన్నెలు కడిగిన సబ్బు నీళ్లు కూడా అఖాతంలో పారబోయకండి. పక్క పడవలో పిల్లలు ఆ నీళ్లలోనే ఈదుతారు. ఒడ్డు దిగేముందు అది ఎవరి నేలో చూడండి. మనీటౌలిన్ దీవి తూర్పు భాగం విక్వెమ్‌కూంగ్ ప్రజలది, వారు ఎన్నడూ ఎవరికీ అప్పగించని నేల. అనుమతి అడిగి దిగడం మర్యాద.

వంట గురించి అడగలేదు కానీ చెప్పాలి. పడవ పొయ్యికి వాడే ప్రొపేన్, మన ఇంటి గ్యాసులాగే, గాలికంటే బరువైనది. ఇంట్లో తలుపు తెరిస్తే నేల మీద నుంచి బయటకు పోతుంది. పడవలో పోయే దారి లేదు. అడుగున చేరి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తుంది. వంట అయిన వెంటనే సిలిండర్ దగ్గరే కట్టేయండి. చలి అని పొయ్యి వెలిగించి తలుపులు మూసుకుని పడుకోకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం పడుకునే చోట ఒకటి పెట్టండి. మొదటి రోజుకు పులిహోర చేసి పట్టుకెళ్లండి. కొత్త చోట లంగరు వేసే సాయంత్రం పొయ్యి ధ్యాస లేకపోతే ఆ పని తీరిగ్గా చేస్తారు.

నాన్నగారి విషయం. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పట్టుకోవడానికి ఆయన పడక నుంచి అక్కడిదాకా ఒక తాడు బిగించి కట్టండి. చీకట్లో ఒంటరిగా పడవ పైకి వెళ్లవద్దని మొదటి రోజే చెప్పండి. పడవ అంచున నిలబడి నీటిలో పడిపోయే మగవాళ్లు తక్కువేమీ కాదు, జులైలో కూడా లోతు నీరు చల్లగానే ఉంటుంది. ఆయన మందులు పది రోజులకు సరిపడా రెండు చోట్ల పెట్టండి. రాళ్ల మీద నడిచేటప్పుడు బూట్లు ఉండాలి. ఆ తీరంలో మసాసాగా రాటిల్‌స్నేక్ ఉంది, ఒంటారియోలో ఉన్న ఒకే ఒక్క విషసర్పం అది. తోక గలగలమంటే ఆగి, వెనక్కు జరిగితే చాలు, దాని దారిన అది పోతుంది. అంతకంటే ఎక్కువ బాధపెట్టేవి సంధ్యవేళ దోమలు; ప్రతి కిటికీకీ వల ఉందో లేదో రేవులోనే చూసుకోండి.

చివరగా మీ వారానికి నా సూచన. మొదటి రాత్రి కిల్లార్నీ ఊరి రేవులోనే కట్టుకోండి. మర్నాడు పదింటికి బయలుదేరి, దగ్గర్లో గాలి తక్కువున్న చోట లంగరు వేయడం, లాగి చూడటం, ఎత్తడం మూడుసార్లు సాధన చేయండి, ఒకసారి మీరు చుక్కాని దగ్గర, ఒకసారి మీ భార్య. తర్వాత రెండు గంటలకల్లా కవర్డ్ పోర్టేజ్ చేరుకోండి. అక్కడ నిండిపోయి ఉంటే సందుల్లో దూరకుండా తిరిగి కిల్లార్నీకి వచ్చేయండి. వాతావరణం నిలకడగా ఉంటే మూడో రోజు బే ఫిన్. అక్కడ పూల్‌లో గడ్డి వల్ల పట్టకపోతే మళ్లీ మళ్లీ వేయడానికి కనీసం మూడు గంటల పగలు మిగిలి ఉండాలి. బెంజమిన్ దీవులు ఈ ఏడు వదిలేస్తే నష్టం లేదు.

బయలుదేరే ముందు గొలుసంతా బయటకు తీసి, దాని చివరి కొస పడవకు కట్టి ఉందో లేదో చూడండి. పాత పడవల్లో అది ఊడిపోయి ఉండటం నేను రెండుసార్లు చూశాను. దాన్ని ఇనుప కొక్కెంతో కాకుండా గట్టి తాడుతో, పైదాకా వచ్చే పొడవుతో కట్టండి. అవసరం పడితే కత్తితో ఒక్క కోతకు తెగాలి. మీ కీల్ లోతు, గొలుసు పొడవు, లంగరు బరువు నాకు రాస్తే మీరు వెళ్లే చోట్లకు ఎంత వదలాలో లెక్క వేసి పంపుతాను.